నల్లకుంట మేడగదిలో చుక్కల వర్తకం

మాది అనకాపల్లి. ఇంట్లో తాతగారి నాటి నుంచి బెల్లం కమీషను వ్యాపారం. దుకాణం లెక్కలు నేనే చూస్తాను. లెక్కలంటే నాకు ఇష్టం, ఆకాశమంటే అంతకన్నా ఇష్టం. ఈ రెండూ ఒకేచోట దొరికే కంప్యూటరు ఆట ఒకటి ఉందని హైదరాబాదులో ఉండే మా పిన్ని కొడుకు ఎప్పటి నుంచో ఊరిస్తూ వచ్చాడు. దాని పేరు ఎలీట్ డేంజరస్. ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ అనే బ్రిటిష్ సంస్థ 2014 డిసెంబరులో విడుదల చేసింది. మన పాలపుంతను అసలు కొలతలతోనే కట్టారు. అందులో దాదాపు 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు ఉన్నాయి. యుద్ధాలు చేసేవారు చేస్తారు, కొత్త గ్రహాలు వెతికేవారు వెతుకుతారు. నాకు కావలసింది మాత్రం ఒకచోట సరుకు కొని ఇంకోచోట అమ్మడం. సంక్రాంతి రద్దీకి ముందు దుకాణంలో కాస్త తెరిపి దొరకగానే బయలుదేరాను. తిరిగి వచ్చి సంచి విప్పీ విప్పకముందే ఇది రాస్తున్నాను.

జనవరి 2, శుక్రవారం, నల్లకుంట

పిన్ని వాళ్లిల్లు నల్లకుంట కూరగాయల మార్కెట్టుకు కూతవేటు దూరం. మేడ మీద రేకుల గది తమ్ముడిది. పెసరట్టు, అల్లప్పచ్చడి తిని పైకి వెళ్లేసరికి వాడు నా పేరున కొత్త ఖాతా తెరిచి, కుర్చీ ఎత్తు సరిచేసి సిద్ధంగా ఉన్నాడు.

"అక్కా, కొత్తవాళ్లందరికీ ఇచ్చే ఓడ ఇదే. సైడ్‌వైండర్. చేతిలో వెయ్యి క్రెడిట్లు, ఈ ఆటలో డబ్బంటే అవే. ఈ ఓడ ఎన్నిసార్లు పగిలినా ఉచితంగా మళ్లీ ఇస్తారు" అన్నాడు.

వెయ్యి క్రెడిట్లతో ఏ సరుకు కొన్నా మిగిలేది గుప్పెడే. అందుకని మొదట స్టేషన్‌లోని పనుల పట్టిక తెరిచాం. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు సమాచారం చేరవేసే పనులు అందులో ఉంటాయి. వాటికి సరుకు గదిలో చోటు అక్కర్లేదు, పైసా పెట్టుబడి అక్కర్లేదు. ఒకే దిక్కుకు పోయేవి నాలుగైదు కలిపి తీసుకుంటే ఒక్క ప్రయాణంతోనే వేలల్లో చేతికి వస్తుంది. పెట్టుబడి లేనివాడు ముందు కబురు మోయాలి. కొత్తవారికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

డబ్బు కన్నా ముందు నేర్చుకోవలసింది ఓడను స్టేషన్‌లో దించడం. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే వర్తకుడి బతుకంతా దీని మీదే ఉంది. నల్లటి శూన్యంలో కోరియోలిస్ రకం స్టేషన్ తన చుట్టూ తాను మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఏడున్నర కిలోమీటర్ల లోపలికి వచ్చాక దిగడానికి అనుమతి అడగాలి. అనుమతితో పాటు దిగవలసిన వేదిక నంబరు చెప్పి పది నిమిషాల గడువు ఇస్తారు. స్టేషన్ ముఖాన అడ్డంగా సన్నటి ద్వారం. ద్వారానికి ఒక పక్క ఆకుపచ్చ దీపాలు, రెండో పక్క ఎర్ర దీపాలు. ఆకుపచ్చవి మన కుడిచేతి వైపు ఉండాలి. స్టేషన్‌తో పాటు ద్వారమూ తిరుగుతుంది కాబట్టి అదే వేగంతో మన ఓడనూ తిప్పుకుంటూ లోపలికి జారాలి. వేగం సెకనుకు వంద మీటర్లు దాటకూడదు. దాటిన వేగంలో ఎవరినైనా తగిలితే జరిమానాతో వదలరు. లోపలికి వెళ్లాక మన నంబరు వేదిక వెతుక్కుని, కాళ్లు దించి, అంగుళం అంగుళంగా కిందికి వాలాలి. ఓడ వేదికను తాకినప్పుడు స్పీకరులో 'ధన్' మని ఒక లోహపు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నా భుజాలు తేలికయ్యాయి.

ఓడలో దీన్ని తనంతట తానే చేసే యంత్రం కూడా ముందే బిగించి ఉంటుంది. అది తీసేయించాను. దాని చోట రెండు టన్నుల సరుకు అర పెట్టుకోవచ్చు. చిన్న ఓడలో రెండు టన్నులంటే చిన్న విషయం కాదు.

భోజనానికి రమ్మని పిన్ని మేడమెట్ల కింద నుంచి కేకేసే సమయానికి ఖాతాలో పదుల వేలు చేరాయి.

జనవరి 3, శనివారం, బేగంబజార్

అరిసెలకు నువ్వులు, యాలకులు, ఎండుకొబ్బరి కావాలని పిన్ని చీటీ రాసిచ్చింది. బేగంబజారు అనగానే నేను ఎగిరి గంతేశాను. ఆటోవాలా నూట నలభై అడిగి నూట పదికి ఒప్పుకున్నాడు. కానీ ఫీల్‌ఖానా వైపు దించేసి వెళ్లిపోయాడు. కిరాణా వీధి అనుకుని నడిస్తే అటూ ఇటూ స్టీలు గిన్నెలు, ఇత్తడి బిందెలు, హోటళ్లకు వాడే గంగాళాలు. ఒక దుకాణం గుమాస్తాను దారి అడిగితే, అతను చెప్పి ఊరుకోకుండా మూల మలుపు దాకా వచ్చి చెయ్యి చూపించాడు. చేతిలో ఉన్న బిల్లు పుస్తకం కూడా కింద పెట్టలేదు. ఈ బజారు స్థలాన్ని నిజాం అలీ ఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిందని చెబుతారు. ఇప్పటికీ ఇక్కడ వర్తకుడిదే రాజ్యం.

మేము సరుకు కొన్న దుకాణంలో ఒక పెద్దాయన గద్దె మీద కూర్చున్నారు. మార్వాడీ యాస కలిసిన తెలుగు. నువ్వులు కిలో నూట ఎనభై అన్నారు. పిన్ని వాళ్ల వీధిలో రెండు వందల ఇరవై. నేను బెల్లం వ్యాపారుల ఇంటి మనిషినని తెలియగానే ఆయన ముఖం విప్పారింది. ఈ ఏడు అనకాపల్లి బెల్లం రంగు ఎలా ఉంది, దిమ్మ గట్టిగా వస్తోందా, మార్కెట్టుకు ఎంత దిగుతోంది అని వరసగా అడిగారు. టీ తెప్పించారు. ఏలకులకు మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు. "బిడ్డా, రేపు ధర పెరుగుతుంది. తగ్గించి అమ్మితే రేపు మళ్లీ నేను ఎంతకు కొనాలి?" అన్నారు. ఒక సరుకు అమ్మేటప్పుడే దాన్ని తిరిగి కొనే ధర మనసులో ఉంచుకునే మనిషి ఆయన. నాకు చాలా గౌరవం కలిగింది.

వచ్చే దారిలో మొజంజాహీ మార్కెట్టు రాతి గోడల పక్క ఐస్‌క్రీం తిన్నాం. 1935లో కట్టిన మార్కెట్టు అది. ఆ గోపురం కింద జనవరి ఎండలో కూర్చుని తింటే ఐస్‌క్రీం నిదానంగా కరుగుతుంది.

రాత్రి అసలు వర్తకం మొదలైంది. సుమారు 52 వేల క్రెడిట్లు పెట్టి హాలర్ అనే ఓడ కొన్నాను. చూడటానికి డబ్బాలా ఉంటుంది, కానీ ఇరవై టన్నులకు పైగా మోస్తుంది. ఈ ఆటలో ప్రతి స్టేషన్‌కూ ఒక ఆర్థిక స్వభావం ఉంటుంది. వ్యవసాయ స్టేషన్‌లో ధాన్యం, టీ, కాఫీ, మాంసం చవక. పారిశ్రామిక స్టేషన్‌లో పంటకోత యంత్రాలు చవక. ఒకరిది ఇంకొకరికి కావాలి. ఇటు నుంచి యంత్రాలు, అటు నుంచి ధాన్యం లేదా కాఫీ. అనకాపల్లి నుంచి ఒడిశాకు బెల్లం దించిన లారీ ఖాళీగా తిరిగొస్తే ఆ డీజిలు ఖర్చు కూడా బెల్లం మీదే పడుతుంది. అందుకే మా నాన్నగారు తిరుగు లోడు ఖాయం కాకుండా లారీ కదలనివ్వరు. హాలర్‌తో కూడా నేను అలాగే చేశాను.

ధరల పట్టికలో నిల్వ ఎంత ఉంది, గిరాకీ ఎంత ఉంది అన్నదానికి గీతలు ఉంటాయి. ఒక్క గీతే ఉన్నచోట సరుకు దించితే కాసేపటికే ధర జారిపోతుంది. నేను యంత్రాలు అమ్మినకొద్దీ గిరాకీ అంకె తగ్గుతూ వచ్చింది, ధర కూడా మెట్టు మెట్టుగా దిగింది. ఒకే స్టేషన్‌ను పట్టుకుని వేలాడకూడదు. పక్క వ్యవస్థలో అలాంటిదే ఇంకోటి చూసి పెట్టుకోవాలి. ఇందుకోసం తమ్ముడు ఇనారా అనే వెబ్‌సైటు వాడతాడు. ఆటగాళ్ల కంప్యూటర్లు పంపే ధరలు అందులో ఉంటాయి. ఆ ధర ఎన్ని గంటల కిందటిదో కూడా రాసి ఉంటుంది. ధర కన్నా ముందు ఆ గంటలు చూడమని వాడు వేలు పెట్టి చూపించాడు.

ఇక్కడే మా ఇద్దరికీ వాదన వచ్చింది. వాడు టన్నుకు ఎంత మిగిలితే అంత గొప్ప అంటాడు. నేను గంటకు ఎంత మిగిలిందో చూస్తాను. ఒకచోట టన్నుకు 1,100 మిగులుతుంది. కానీ ఆ స్టేషన్ తన నక్షత్రానికి ఎంతో దూరంలో ఉంది, పోయి అమ్మేసరికి ముప్పావు గంట. ఇంకోచోట టన్నుకు 700, కానీ పావు గంటలో పని పూర్తి. ఇరవై టన్నుల మీద మొదటిది గంటకు 29 వేలు, రెండోది గంటకు 56 వేలు. పిన్ని ఇచ్చిన చీటీ వెనక ఈ లెక్క వేసి చూపిస్తే వాడు కుర్చీలో వెనక్కి వాలి కాసేపు మాట్లాడలేదు. తర్వాత హటన్ ఆర్బిటల్ గురించి చెప్పాడు. ఆల్ఫా సెంటారీ వ్యవస్థలో ఉన్న ఈ స్టేషన్ ప్రధాన నక్షత్రానికి 0.22 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. మామూలు ఇంజనుతో అక్కడికి ఓడను గంటకు పైగా తిన్నగా నడపాలి. అక్కడికి వెళితే పెద్ద ఓడ ఉచితంగా ఇస్తారని కొత్తవాళ్లను పాత ఆటగాళ్లు ఆటపట్టిస్తారట. కాబట్టి ఏ పని ఒప్పుకునే ముందైనా స్టేషన్ ఎన్ని కాంతి సెకన్ల దూరంలో ఉందో చూడాలి. ఆ అంకె వెయ్యి లోపు ఉంటే నాకు సంతోషం.

జనవరి 4, ఆదివారం, నౌబత్ పహాడ్, బేగంపేట

పగలు చుక్కలు చూడటానికి వెళ్లాం. నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియాన్ని 1985లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. తెలుగు ప్రదర్శన వేళకు గది నిండా పిల్లలు. దీపాలు ఆరిపోయి గుమ్మటం నిండా చుక్కలు పొడవగానే నా ముందు వరసలో ఒక పాప "అమ్మా, ఇవన్నీ ఎవరివి?" అని గట్టిగా అడిగింది. ఎవరూ నవ్వలేదు. వాళ్లమ్మ కూడా జవాబు కోసం పైకే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత బేగంపేట. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల గుమ్మటం ఇక్కడే ఉంది. ప్రపంచంలోని అనేక నక్షత్రశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసి పట్టిక రాసిన రోజుల్లో హైదరాబాదు వాటాకు దక్షిణ ఆకాశంలో ఒక పట్టీ, తర్వాత ఉత్తర ఆకాశంలో ఇంకో పట్టీ వచ్చాయి. ఇక్కడివారు 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి 12 సంపుటాలుగా అచ్చు వేశారు. తొలి భారతీయ డైరెక్టరు టి.పి. భాస్కరన్ హయాంలో ఈ పనిలో చాలా భాగం జరిగింది. ఎలీట్ డేంజరస్‌లో లక్షకు పైగా నక్షత్రాలు నిజమైన పట్టికల నుంచి తీసుకున్నవే. మిగిలినవి గణితంతో పుట్టించారు. రాత్రిపూట గాజు పలకల మీద ఒక్కొక్క చుక్కనూ గుర్తించి అంకె రాసిన మనుషులు ఈ బేగంపేటలో ఉండేవారని తెలిశాక, ఆటలోని మ్యాపులో ఒక చుక్క మీద వేలు పెట్టినప్పుడల్లా వాళ్లు గుర్తుకొచ్చారు. ఈ నగరం తన నక్షత్రశాల గురించి ఇంకా గట్టిగా చెప్పుకోవాలి. గోల్కొండ వజ్రాల గురించి చెప్పుకున్నంత గట్టిగా.

రాత్రి ఇంధనం పాఠం. ఓడకు నక్షత్రం అంచున ఎగురుతూ ఇంధనం తోడుకునే పరికరం పెట్టించవచ్చు. అయితే అన్ని నక్షత్రాలూ పనికిరావు. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం తరగతులవే ఇస్తాయి. మన సూర్యుడిది జి తరగతి. దారిలో ఇలాంటివి ఉన్నాయో లేదో మ్యాపులో వడపోసి చూసుకోవచ్చు. ఎక్కడైనా ఇంధనం అయిపోయి చిక్కుకుంటే ఫ్యూయల్ ర్యాట్స్ అనే ఆటగాళ్ల బృందం ఉంది. పిలిస్తే ఎంత దూరమైనా వచ్చి ఇంధనం పోసి పోతారు, ఒక్క క్రెడిట్ తీసుకోరు. ముక్కూ ముఖం తెలియనివారి కోసం గంటల తరబడి ఓడ నడిపి వచ్చే మనుషులు ఉన్న ఆట ఇది. నాకు దీని మీద ప్రేమ పెరిగింది ఈ విషయం విన్న తర్వాతే.

జనవరి 5, సోమవారం, సికింద్రాబాద్

ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్. కంప్యూటర్ల విడిభాగాలకు నగరమంతా ఇక్కడికే వస్తుంది. పాతది ఒక జాయ్‌స్టిక్ కొనాలి. కీబోర్డుతో ఓడ నడపవచ్చు గానీ, తిరుగుతున్న ద్వారంలోకి దూరేటప్పుడు చేతిలో పట్టు ఉండటం వేరు. రెండో అంతస్తులో ఒక కుర్రాడు మూడు వేలు చెప్పాడు. నేను పద్దెనిమిది వందలన్నాను. అతను బేరం ఆడకుండా జాయ్‌స్టిక్‌ను తన కంప్యూటరుకు తగిలించి, ఒక్కొక్క మీటా నొక్కి, కర్రను నాలుగు వైపులా వంచి, తెర మీద గీతలు ఎక్కడా వణకడం లేదని చూపించాడు. "మేడమ్, ఇప్పుడు మీరే చెప్పండి" అన్నాడు. ఇరవై రెండు వందలు ఇచ్చాను. సరుకు మీద అంత నమ్మకం ఉన్నవాడితో అంతకన్నా తగ్గించమని అడగబుద్ధి కాలేదు.

దగ్గర్లో ఒక ఇరానీ హోటల్లో టీ, ఉస్మానియా బిస్కట్లు. ఇక్కడ టీ తాగి లేవకపోయినా ఎవరూ లెమ్మనరు. మా బల్లకు ఎదురుగా కూర్చున్న ముసలాయన సగం టీ సాసరులో పోసి, పక్కన కూర్చున్న ఆటో డ్రైవరు వైపు మాట లేకుండా జరిపాడు. అతనూ మాట లేకుండా తాగాడు. ఇద్దరికీ ముందు పరిచయం ఉన్నట్టు కనిపించలేదు.

ఆ రాత్రి దొంగలు పడ్డారు. హాలర్ నిండా పంటకోత యంత్రాలు. స్టేషన్ వైపు సూపర్‌క్రూజ్‌లో, అంటే ఒకే వ్యవస్థ లోపల తిరిగే మహావేగంలో, వెళుతున్నాను. హఠాత్తుగా తెర ఊగిపోయింది, ఎర్ర అక్షరాలు మెరిశాయి. ఎవరో వెనక నుంచి మన ఓడను ఆ వేగంలోంచి బయటికి లాగుతున్నారు. తప్పించుకునే దిక్కు ఒక నీలి గుర్తుగా తెర మీద పరిగెడుతుంది, ముక్కు దానివైపే ఉంచి పెనుగులాడవచ్చు. తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేసి, "పెనుగులాడకు అక్కా, వేగం సున్నా చెయ్యి" అన్నాడు. చేశాను. ఓడ సాధారణ వేగంలోకి జారింది. మనంతట మనం లొంగితే ఇంజను వెంటనే మళ్లీ సిద్ధమవుతుంది. పెనుగులాడి ఓడిపోతే గిరగిరా తిరిగి దెబ్బ తింటుంది, ఇంజనుకు చాలాసేపు విరామం కావాలి. పక్క నక్షత్రానికి గురి పెట్టి, ఉన్న శక్తంతా ఇంజనుకూ కవచానికీ మళ్లించి, ముందుకు ఉరికించాను. వెనక నుంచి లేజరు దెబ్బలు కవచాన్ని కొరుకుతున్నాయి. తెర మీద కవచాన్ని చూపే నీలి వలయాలు మూడు, రెండు, ఒకటి. ఆఖరి వలయం ఆరకముందే ఓడ నక్షత్రాల మధ్య దూకింది. అదే వ్యవస్థలో తిరిగి సూపర్‌క్రూజ్ పట్టాలని చూస్తే పెద్ద ఓడ దగ్గరుండి మన ఇంజనును నెమ్మది చేయగలదు. వేరే నక్షత్రానికి దూకడాన్ని అలా ఆపలేదు. ఈ ఒక్క విషయం తెలిసిన వర్తకుడు చాలా సరుకు కాపాడుకుంటాడు.

కవచం తీసేసి ఆ చోట కూడా సరుకు నింపుదామని అంతకుముందు తమ్ముడు అంటూ వచ్చాడు. ఆ రాత్రి తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఇక బీమా సంగతి. ఓడ పగిలితే దాని విలువలో 5 శాతం కట్టి అదే ఓడను తిరిగి తీసుకోవచ్చు. అంత లేకపోతే మళ్లీ సైడ్‌వైండరే గతి. దీని గురించి అందరూ చెబుతారు. సరుకుకు బీమా లేదన్న సంగతి మాత్రం గట్టిగా చెప్పేవారు తక్కువ. గదిలో ఉన్నదంతా పోయినట్టే. కాబట్టి ఖాతాలో ఎప్పుడూ ఉండవలసింది ఆ 5 శాతం, దానిపైన ఇంకొకసారి గది నింపడానికి సరిపడా డబ్బు. ఈ రెండూ పక్కన పెట్టి, మిగిలినదాంతోనే సరుకు కొనాలి. చేతిలో ఉన్నదంతా ఒక్క ప్రయాణంలో పెట్టే వర్తకుడిని మా మార్కెట్టులో ఎవరూ అప్పుకు నమ్మరు.

జనవరి 6, మంగళవారం, నాంపల్లి

నుమాయిష్ మొదలైన తొలి వారం. కొన్ని స్టాళ్లలో ఇంకా మేకులు కొడుతున్నారు, రంగు వాసన, రంపపు పొట్టు. నాకు ఇదే నచ్చింది. వ్యాపారం ముస్తాబవుతుంటే చూడటం అందరికీ దొరకదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో చిన్నగా మొదలైన ప్రదర్శన ఇది. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఇప్పుడు 46 రోజులు సాగుతుంది, వచ్చిన ఆదాయంతో విద్యాసంస్థలు నడుస్తాయి.

కశ్మీరు శాలువాల వరసలో ఒక వ్యాపారి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఆయన ఉర్దూ, నా వచ్చీరాని హిందీ, మధ్యలో తమ్ముడు. తండ్రితో పాటు చిన్నప్పుడే ఈ మైదానానికి వచ్చాడట. ఒక శాలువా విప్పి, దాని అంచును నా వేళ్ల మధ్య పెట్టి, కళ్లు మూసుకుని తడమమన్నాడు. మరమగ్గం అంచు నున్నగా జారిపోతుంది. చేతి కుట్టు అంచు వెనక వైపు చిన్న చిన్న ముడులు తగులుతాయి. శ్రీనగర్‌లో దీనికి ఇంత ధర పలకదని దాపరికం లేకుండా చెప్పాడు. "అక్కడ ప్రతి ఇంట్లో ఉంటుంది. ఇక్కడికి వస్తే విలువ" అన్నాడు. పిన్నికి పన్నెండు వందలకు ఒకటి తీసుకున్నాను, చేతి కుట్టుది కాదు. అది కొనే స్తోమత ఈసారి లేదు. మిర్చి బజ్జీ ప్లేటు యాభై రూపాయలు. ఉల్లిపాయ, నిమ్మకాయ, పైన వేయించిన పల్లీలు. కారం కళ్లలోకి ఎక్కింది, అయినా ఇంకో ప్లేటు చెప్పాం.

ఆ శాలువా వ్యాపారి మాటలు వింటున్నంతసేపూ లేవ్ బ్రాందీ గుర్తొచ్చింది. లేవ్ అనేది ఈ ఆటలో అందరికన్నా పాత ఊరు. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థులు బీబీసీ మైక్రో కంప్యూటరు కోసం మొదటి ఎలీట్ రాసినప్పుడు ఆటగాడు వంద క్రెడిట్లతో ప్రయాణం మొదలుపెట్టేది అక్కడి నుంచే. ఇప్పటి ఆటలోనూ ఆ వ్యవస్థ ఉంది, దాని బ్రాందీ అరుదైన సరుకుల పట్టికలో ఉంది. లేవ్‌లోనే దొరుకుతుంది, ఒకేసారి కొన్ని టన్నులకు మించి అమ్మరు. పుట్టిన చోటికి ఎంత దూరం తీసుకెళితే అంత ధర. వంద కాంతి సంవత్సరాలు దాటాక టన్నుకు వేలల్లో మిగులుతుంది. ఆ పెరుగుదల ఎక్కడా ఆగకుండా సాగదు, కొంత దూరం తర్వాత నిలిచిపోతుంది. లేవ్ చుట్టుపక్కల లీస్టీ, డిసో, జయోన్స్, ఓరెరె వ్యవస్థల్లో కూడా ఇలాంటి సరుకులు ఉన్నాయి. అన్నింటి నుంచి కొద్దికొద్దిగా ఎత్తుకుని దూరంగా తీసుకెళ్లి దించితే చిన్న ఓడకు కూడా పెద్ద ఓడ లాభం వస్తుంది.

ఆ రాత్రి అదే చేశాను. దూకుతూ, ఇంధనం తోడుకుంటూ, మళ్లీ దూకుతూ. ఒక చోట ఎర్రటి ఎం తరగతి నక్షత్రం తెరంతా నిండిపోయింది, దాని వెలుగు గదిలో గోడ మీద కూడా పడింది. పిన్ని పాలు తెచ్చి ఇచ్చి అక్కడే నిలబడిపోయింది. "ఇది నిజంగా ఉన్నదేనా?" అంది. ఇది పట్టికలో ఉన్నదో లెక్కలతో పుట్టిందో తమ్ముడు వెతుకుతూ ఉండగానే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. సరుకు అమ్మి ఖాతా అంకె కదిలేదాకా కదల్లేదు. మర్నాడు పొద్దున్నే నన్ను లేపి అడిగిన మొదటి మాట, "ఆ బ్రాందీ ఎంతకు పోయింది?" అని.

జనవరి 7, బుధవారం, నల్లకుంట

పక్కింటి ఆవిడ వరంగల్ వైపు మనిషి. పండగకు సకినాలు మొదలుపెట్టారు. తెల్లటి గుడ్డ పరిచి, బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, చుట్టూ నలుగురు ఆడవాళ్లు కూర్చుని చేత్తో చుట్టలు చుడుతున్నారు. నేను బేగంబజారులో తెచ్చిన నువ్వులే అందులోకి కొన్ని వెళ్లాయి. నూనెలోంచి తీసిన మొదటి వాయి నా చేతిలో పెట్టి, "అనకాపల్లిలో ఇవి దొరకవు కదమ్మా, కట్టుకొని తీసుకపో" అన్నారు. బదులుగా మా బెల్లం దిమ్మ పంపుతానని మాట ఇచ్చాను. ఒట్టి చేతులతో తిరిగి వెళ్లనివ్వని అలవాటు ఆ మేడ మీదా ఉంది, ఈ వాకిట్లోనూ ఉంది.

మధ్యాహ్నం ఓడ మార్చాను. టైప్-6 రవాణా ఓడ, సుమారు 10 లక్షల 46 వేల క్రెడిట్లు. మామూలు పరికరాలతో వచ్చే ఓడ ధర అది. గట్టి కవచం, పెద్ద సరుకు అరలు, మంచి దూకుడు ఇంజను బిగించేసరికి లక్షలు వేరే అవుతాయి. అందుకే ఖాతాలో పదిన్నర లక్షలు పడిన రోజునే కొనకుండా, బీమా సొమ్ము, ఒక లోడు సరుకు సొమ్ము కూడా చేరేదాకా ఆగాను. వంద టన్నులకు పైగా పడుతుంది. మొదటి లోడు కాఫీ. దించి, యంత్రాలు ఎక్కించి, తిరిగి వచ్చేసరికి హాలర్‌తో ఒక సాయంత్రమంతా సంపాదించినంత ఒక్క చుట్టులో వచ్చింది.

తర్వాతి ఓడ ఏదన్నదాని మీద రైలెక్కేదాకా వాదించుకున్నాం. తమ్ముడు టైప్-7 అంటాడు. కోటీ 75 లక్షల దాకా ఉంటుంది, మూడు వందల టన్నులు మోస్తుంది. కానీ దానికి పెద్ద వేదికే కావాలి, చిన్న బయటి స్టేషన్లలో పెద్ద వేదికలు ఉండవు. నాకు పైథాన్ కావాలి. ధర దాదాపు మూడింతలు, మోత కూడా టైప్-7 కన్నా కొంచెం తక్కువే. అయితే మధ్యరకం వేదిక మీద కూడా దిగుతుంది, దొంగ పడితే తిరగబడగలదు. గిరాకీ ఎక్కువుండి, పెద్ద ఓడలు రాలేక సరుకు అందని స్టేషన్లన్నీ దానికి అందుబాటులో ఉంటాయి. ధర బాగుండేది అక్కడే. జాయ్‌స్టిక్ నాతోనే తెచ్చుకున్నాను. దుకాణంలో లెక్కలకు కొన్న కంప్యూటరు ఈ ఆటకు సరిపోదని తమ్ముడు ముందే తేల్చాడు. పండగ బెల్లం అమ్మకాలు తేలాక గ్రాఫిక్స్ కార్డు ధర కనుక్కుని చెప్పమని, మూడు దుకాణాల ధరలు కనుక్కోమని వాడికి చెప్పి వచ్చాను.